మీ నాన్న రేంజర్‌కు ఓవరాయిలింగ్

చిరంజీవి చిన్నోడికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను. చిక్కడపల్లి ఇంట్లో డాబా మీద, నీళ్ల ట్యాంకు వెనకాల ఇన్నేళ్లు పడి ఉన్న హీరో రేంజర్ సైకిలే అది. మొత్తం విప్పేసి, రంగు వేయించి, కొత్తదానిలా చేయిస్తానని రాశావు. ఆ మాట చదివే ఈ ఉత్తరం రాస్తున్నాను. రంగు జోలికి పోకు నాన్నా. అది కొత్తదవ్వక్కర్లేదు, నడిస్తే చాలు.

నా నల్ల సైకిలు సంగతి నీకు తెలియదు. రిటైరయ్యాక ముచ్చటపడి ఒక చోట రంగుకిచ్చాను. వాళ్లు ఫ్రేమును ఇనుము తేలేదాకా గీకేశారు. బంగారు గీతలు పోయాయి, ముందు కంపెనీ బొమ్మ పోయింది, సీటు కింద కొట్టిన ఫ్రేము నంబరులో రంగు నిండిపోయింది. ఇంటికి తెచ్చాక తళతళా మెరిసింది గానీ, ముప్పై ఏళ్లు నేను తొక్కిన సైకిలు అదేనని నాకే అనిపించలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నీ మూడో ఫోటోలో సీటు కింది గొట్టం మీద సగం చిరిగిన స్టిక్కర్ ఉంది చూడు. 'సుల్తాన్ బజార్' అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. అది సైకిలు అమ్మిన షాపువాళ్లు అతికించింది. 1990ల మొదట్లో మీ నాన్న ఇంటర్ పాసయ్యాక నేనే వెంట వెళ్లి కొనిపించాను. ఆ చోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. దాని మీద కిరోసిన్ పడనీయకు, తడిగుడ్డ కూడా పెట్టకు.

ఆ రోజుల్లో షాపు అంటే పైన వరసగా వేలాడే టైర్లు, గడప దగ్గర పంచరు చూసే నీళ్ల తొట్టి, గోడకు కిరాయి సైకిళ్లు. మా చిన్నప్పుడు వాటిని సైకిల్ టాక్సీ అనేవాళ్లం. పుస్తకంలో పేరు, టైము రాసుకుని గంట లెక్కన ఇచ్చేవారు. పెద్దవాళ్లు తెలిసినవాళ్లయితేనే ఇచ్చేవారు. నేను పదో తరగతి సెలవుల్లో నల్లకుంటలో అలాంటి షాపులోనే పని నేర్చుకున్నాను. మా ఉస్తాద్‌కు తెలుగు సగం, ఉర్దూ సగం. ముందు ఫోర్కును చిమ్టా అనేవాడు, ఓవర్‌హాలింగ్‌ను ఓవరాయిలింగ్ అనేవాడు. నాకూ అవే అలవాటయ్యాయి, నీకూ అలాగే రాస్తున్నాను.

పని మొదలుపెట్టేముందు ఫ్రేము ఆరోగ్యం చూడు. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసేచోట, కాస్త వెనగ్గా, అడుగువైపు వేలితో తడుము. రంగు ముడతలు పడి ఉన్నా, ఇనుము అలలా తగిలినా ఎప్పుడో గట్టిగా గుద్దుకుందని అర్థం. పగులు కనబడితే ఆ ఫ్రేముతో రోడ్డెక్కొద్దు. పైపైన తుప్పుంటే భయం లేదు. మెరుపు పూత ఉన్న భాగాలను అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి నీళ్లలో తడిపి రుద్దితే చాలావరకు పోతుంది. చింతపండు నీళ్లు కూడా పనిచేస్తాయి గానీ రంగు మీద పడనీయకు, వెంటనే కడిగి తుడిచి నూనె రాయి.

విప్పేటప్పుడు బలం చూపించకు. పట్టేసిన బోల్టుకు తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలెయ్. రెండు చోట్ల మరలు తిరగేసి ఉంటాయి: ఎడమ పెడల్, పెడళ్ల ఇరుసు దగ్గర గోళీలు కూర్చునే కుడివైపు కప్పు. మామూలుగా విప్పుతున్నామనుకుని వాటిని బిగించి పాడు చేసినవాళ్లను చాలామందిని చూశాను. పెడళ్లకైతే ఒక గుర్తు పెట్టుకో. పదిహేను నంబరు పానాను పైకి నిలబెట్టి సైకిలు వెనకవైపు తిప్పితే రెండూ వదులవుతాయి.

ఇక హబ్బులు, అంటే చక్రాల నడిబొడ్డులు. అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. కింద పాత తెల్లగుడ్డ పరిచి, దాని మీద చక్రం పడుకోబెట్టి, కోన్ విప్పు, అంటే ఇరుసు మీద ఉండి గోళీలను అదిమిపెట్టే నట్టులాంటి ముక్క. లోపలి గోళీలు గుడ్డ మీద రాలతాయి. ఏ పక్కవి ఎన్నో లెక్కపెట్టి రాసుకో. మామూలుగా ముందు చక్రానికి పక్కకు పది, వెనక చక్రానికి తొమ్మిది. ముందువి 3/16 అంగుళం, వెనకవి పావు అంగుళం. అన్నీ కొత్తవే వెయ్, చాలా చౌక. పాతవి, కొత్తవి కలపకు. తర్వాత కోన్‌ను కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, గోళీలు తిరిగే దారిలో ఇంకు అయిపోయిన పెన్ను కొసను మెల్లగా లాగు. జారిపోతే మంచిదే. ఎక్కడైనా టిక్కుమని ఆగితే అక్కడ గుంట పడిందన్నమాట, కోన్ మార్చాల్సిందే. కప్పులో నిండా గ్రీజు పెట్టి గోళీలు ఒక్కొక్కటిగా అందులో పేర్చు, గ్రీజే పట్టుకుంటుంది.

బిగించడం మాత్రం చేతికి అలవాటు కావాలి. ఉస్తాద్ ఇరుసును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని తిప్పేవాడు. ఇసుక తగిలినట్టు గరగరలాడితే బిగువెక్కువ. రిమ్మును పక్కకు ఊపితే టకటకమంటే వదులు. ఆ రెంటికీ నడుమ పావు చుట్టు కూడా ఉండదు. లాక్ నట్టు బిగించేసరికి మళ్లీ కాస్త బిగుసుకుంటుంది. అందుకే ముందే వెంట్రుకవాసి వదులు ఉంచాలి. మొదటి వారం ఒకే చక్రాన్ని నాతో పదకొండుసార్లు విప్పించి బిగింపించాడు. కోపంతో కాదు, చెయ్యి నేర్చుకోవాలని.

నువ్వు మురిసిపోయే మౌంటెన్ బైకుల చరిత్రలో కూడా ఈ గ్రీజుకు చోటుంది. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో, కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లతో కొండ మీది మట్టిదారి దిగేవారు. బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది. కిందికి చేరేసరికి హబ్బు కాలిపోయి గ్రీజంతా పొగైపోయేది, మళ్లీ విప్పి గ్రీజు కూరాల్సి వచ్చేది. 1976లో మొదలైన వాళ్ల పందానికి రీప్యాక్ అని పేరొచ్చింది అందుకే. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ అలాంటి దారుల కోసమే ఫ్రేము కట్టాడు, 1981లో స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకు బజారుకొచ్చింది. మీ నాన్నది గేర్లు లేని బండే అయినా, తిన్నటి హ్యాండిలు, లావు టైర్లు ఆ వంశానివే.

టైర్లు కొనేముందు పాత టైరు పక్కన రాసింది చదువు. 26×1.75 అనో 26×2.125 అనో ఉంటే రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. 26×1⅜ అని ఉంటే 590. రెండూ ఇరవయ్యారే, ఒకదానికొకటి ఎక్కవు. ఎండకు పగుళ్లొచ్చిన టైరు గాలి నిలిపినా నమ్మకు. బ్రేకు వైర్లు, రబ్బర్లు కొత్తవి వెయ్. ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు, జూలైలో దూరం నుంచే పట్టడం అలవాటు చేసుకో. చైను పన్నెండు అంగుళాల చోట 1/8 అంగుళం సాగిందంటే దాంతోపాటు ఫ్రీవీల్, అంటే వెనక చక్రం పళ్లచక్రం కూడా మార్చాల్సి రావచ్చు.

సామాన్ల కోసం ఆన్‌లైన్‌లో కూర్చోకు. ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంతలోనో, గురువారం జుమ్మెరాత్ బజార్‌లోనో పాత ఇనుము మధ్య వెతకాలి. అట్లాస్ సైకిళ్ల కంపెనీవాళ్ల ఢిల్లీ దగ్గరి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం రోజే మూతబడింది. అప్పటినుంచి వాళ్ల పాత భాగం ఏది కనబడినా కొని దాచుకుంటున్నాను. గల్లీలో ముసలి మెకానిక్ కనబడితే పని ఉన్నా లేకున్నా గాలి కొట్టించుకుని పక్కన కూర్చో. ఒక సాయంత్రం వాళ్లు చేసే పని చూస్తే, నేను ఇంత రాసినా చెప్పలేనిది తెలుస్తుంది.

చక్రాల ఔట్ తీయడం, అంటే రిమ్ము వంకర సరిచేయడం, నువ్వు ఒక్కడివే మొదలుపెట్టకు. నేను వచ్చాక ఇద్దరం కూర్చుని తీద్దాం. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో వేసిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఇరవై మూడు కిలోమీటర్లు ఉంది, సాఫీగా ఉంటుంది. తర్వాత అక్కడికి తీసుకెళ్దువుగానీ, ముందు నెక్లెస్ రోడ్డు మీద చూద్దాం.

మరొకటి. సీటు గొట్టం పైకి లాగేముందు, అది ఫ్రేములోకి దిగినచోట చుట్టూ టేపు వేసి గుర్తుపెట్టు. అది మీ నాన్న కాలికి మేం ఇద్దరం కలిసి పెట్టుకున్న ఎత్తు. ఇప్పుడు మోకాళ్లు నొప్పంటున్నాడు కాబట్టి ఆయన ఎక్కే రోజున అక్కణ్నుంచి ఒక్క అంగుళం దించుదాం. వచ్చే ఆదివారం ఏడింటికి ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ కింద ఉంటాను. విప్పిన కోన్లు, ఆ కుడివైపు కప్పు సంచిలో వేసుకుని రా, సైజు పోల్చి చూడాలి.

మీ పెద్దనాన్న