కరెంటు పోయి వచ్చాక కాటా ప్రోగ్రాం లేవడం లేదు

ప్రశ్న: మాది రైస్ మిల్లు. ధాన్యం లారీల తూకం చీటీలు తీసే ప్రోగ్రాం, అది వాడుకొనే మరియాడీబీ డేటాబేసు, రెండూ ఒకే ఉబుంటు సర్వర్‌లో ఉన్నాయి. మామూలుగా రీబూట్ చేస్తే అన్నీ లేస్తున్నాయి. కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయి, సర్వర్ ఒక్కసారిగా ఆగినప్పుడు మాత్రం కాటా ప్రోగ్రాం లేవడం లేదు. చేత్తో స్టార్ట్ చేస్తే వెంటనే నడుస్తోంది. దాళ్వా కోతల రోజుల్లో గాలివానకు రాత్రిళ్లు కరెంటు పోతే ఆ పని చేసేవారు ఉండరు. పైగా మేము ఎన్నడూ వాడని ప్రోగ్రాములు కూడా సర్వర్‌తో పాటే మొదలవుతున్నాయి. వాటిని ఆపివేయవచ్చా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఉబుంటులో 2015 నాటి 15.04 నుంచి ఏ ప్రోగ్రాం ఎప్పుడు లేవాలో చూసుకొనేది సిస్టమ్‌డీ. మామూలు రీబూట్‌లో మీ ప్రోగ్రాం లేస్తోందంటే దానిని ఎనేబుల్ చేసే (సర్వర్‌తో పాటే లేచేలా అమర్చే) ఉన్నారు; లోపం ఎక్కువగా ప్రోగ్రాములు లేచే వరుసలో ఉండవచ్చు. సర్వర్ సక్రమంగా ఆగినప్పుడు మరియాడీబీ తన లెక్కలు ముగించుకొని ఆగుతుంది కాబట్టి మళ్లీ త్వరగా లేస్తుంది. ఒక్కసారిగా కరెంటు పోతే, లేవగానే లాగ్ ఫైళ్లు చదివి, సగంలో ఆగిన లావాదేవీలను సరిచేసుకొన్న తరువాతే ఎవరికైనా తలుపు తీస్తుంది. ఈలోగా కాటా ప్రోగ్రాం డేటాబేసును అడిగి, జవాబు రాక ఆగిపోతోందని నా అంచనా. జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి '-బి' చేర్చి, '-యు' తరువాత మీ ప్రోగ్రాం సర్వీసు (సిస్టమ్‌డీ లేపి నడిపే ప్రోగ్రాం) పేరు ఇస్తే, ఈ బూట్‌లో అది ఎందుకు ఆగిందో తెలుస్తుంది.

దీనికి, ప్రోగ్రాంను ఎలా లేపాలో సిస్టమ్‌డీకి చెప్పే సర్వీసు ఫైలులో రెండు మార్పులు కావాలి. ప్యాకేజీతో వచ్చిన ఫైలును నేరుగా దిద్దకండి, అప్‌డేట్ వచ్చినప్పుడు మీ మార్పు పోతుంది. 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' వాడితే మీ మార్పులు వేరే ఫైలులో భద్రంగా ఉంటాయి. మొదటిది, యూనిట్ భాగంలో 'ఆఫ్టర్', 'వాంట్స్' రెండింటికీ మరియాడీబీ సర్వీసు పేరు ఇవ్వాలి. ఆఫ్టర్ వరుసను మాత్రమే చెబుతుంది, డేటాబేసును లేపదు. వాంట్స్ లేపుతుంది గాని వరుస చూడదు. మరియాడీబీ తాను సిద్ధమైన సంగతిని సిస్టమ్‌డీకి తెలియజేస్తుంది కాబట్టి, ఆఫ్టర్ ఉంటే కాటా ప్రోగ్రాం అంతవరకు ఆగుతుంది. చాలామంది వాంట్స్‌కు బదులు 'రిక్వైర్స్' వాడమంటారు. మీకు అది వద్దని నా సలహా: డేటాబేసు ఒకసారి లేవలేకపోతే కాటా ప్రోగ్రాంను ప్రయత్నించడం కూడా మానేస్తుంది.

రెండవది, సర్వీస్ భాగంలో 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్', 'రీస్టార్ట్‌సెక్=15' అని రాయాలి. ఈ రెండవ పంక్తి లేకపోవడం వల్లనే చాలా చోట్ల మొదటి పంక్తి ఉండి కూడా ఫలితం ఇవ్వదు. రెండు ప్రయత్నాల మధ్య సిస్టమ్‌డీ మామూలుగా ఆగేది సెకనులో పదో వంతే. 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలబడని సర్వీసును అది ఇక వదిలేస్తుంది. డేటాబేసు లెక్కలు సరిచూసుకొంటూ ఉండగానే ఆ ఐదు అవకాశాలూ అయిపోతాయి. 15 సెకన్ల విరామం ఇస్తే ఆ పరిమితి ఎన్నడూ తగలదు. మీ ప్రోగ్రాం విఫలమైనా ఏ తప్పూ చెప్పకుండా ముగిసే రకమైతే ఆన్-ఫెయిల్యూర్‌కు బదులు 'ఆల్వేస్' రాయండి.

ఇక అనవసరమైన ప్రోగ్రాముల సంగతి. 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-యూనిట్-ఫైల్స్' ఆదేశానికి ఎనేబుల్డ్ అనే స్థితిని జతచేస్తే జాబితా వస్తుంది. పేరు తెలియని ప్రతిదాన్నీ తీసివేయకండి. గడియారాన్ని సరిచేసే టైమ్‌సింక్‌డీని ఆపితే చీటీల మీద సమయం మెల్లగా తప్పుతుంది, చీటీల ప్రింటర్ ఈ సర్వర్‌కే ఉంటే ప్రింటింగ్ చూసుకొనే కప్స్ కూడా కావాలి. మీరు తప్పక చూడవలసినది మోడెమ్‌మేనేజర్. కొన్ని సీరియల్ పరికరాలు తగిలించగానే మోడెమ్ ఏమోనని అది వాటికి ఆదేశాలు పంపి చూస్తుంది. కాటా ఇండికేటర్ సీరియల్ తీగతో కలిసి ఉంటే తూకం అంకెలు రావడంలో అడ్డు పడవచ్చు. సిమ్ డాంగిల్‌తో ఇంటర్నెట్ వాడకపోతే మోడెమ్‌మేనేజర్‌ను ఆపివేయండి. డిసేబుల్ చేస్తే సర్వర్‌తో పాటే లేపే బూట్ లింకు మాత్రమే పోతుంది, మరో సర్వీసు దానిని లేపగలదు. 'మాస్క్' చేస్తే ఎవరూ లేపలేరు.

యూపీఎస్‌కు యూఎస్‌బీ తీగ ఉంటే నట్ అనే ప్రోగ్రాంను కూడా పెట్టండి. బ్యాటరీ అడుగంటే ముందే అది సర్వర్‌ను సక్రమంగా ఆపుతుంది. అప్పుడు బయోస్‌లో (యంత్రం మొదలవగానే ముందుగా నడిచే ప్రోగ్రాంలో) కరెంటు తిరిగి వచ్చాక ఏమి చేయాలనే సెట్టింగు 'లాస్ట్ స్టేట్' మీద ఉండకూడదు. సక్రమంగా ఆగిన యంత్రాన్ని అది ఆగిన స్థితిలోనే ఉంచేస్తుంది. దానిని 'పవర్ ఆన్' చేసి, లారీలు లేని వేళ ఒకసారి పరీక్షించండి.