పాలల్లో నీళ్ల లెక్క: 9 ఎందుకు తప్పు?

ప్రశ్న: మాది టెక్కలి. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాను. 60 లీటర్ల పాలల్లో 10 శాతం నీళ్లున్నాయి, ఇంకెన్ని నీళ్లు పోస్తే నీళ్లు 25 శాతం అవుతాయని లెక్క. పెరగాల్సింది 15 శాతమే కదా అని 60లో 15 శాతం కట్టి 9 లీటర్లు అని రాశాను. పుస్తకంలో 12 అని ఉంది. ఇలాంటి లెక్క కనిపిస్తే చాలు, టెన్షన్. అసలు ఎక్స్ ఎక్కడ పెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ముందు నీ 9నే పోసి చూద్దాం. నీళ్లు 6 ఉండేవి, 15 అయ్యాయి, బాగానే ఉంది, కానీ క్యానులో ఉన్నది ఇప్పుడు 60 కాదు, 69. అందులో 15 అంటే 22 శాతం కూడా లేదు. నీళ్లు పోసిన కొద్దీ మొత్తం కూడా పెరుగుతుంది, నువ్వు మర్చిపోయింది అదే. మారనిది పాలు ఒక్కటే, 54 లీటర్లు. దాన్ని పట్టుకో. చివరికి నీళ్లు 25 శాతమైతే పాలు 75 శాతం, కాబట్టి పోసిన నీళ్లు ఎక్స్ అనుకుంటే (60 + ఎక్స్)లో 75 శాతం 54కి సమానం. అంటే 60 + ఎక్స్ = 72, ఎక్స్ = 12.

మీ దగ్గర్లోనే నౌపడ ఉప్పు మడులున్నాయి కదా, అక్కడ జరిగేది ఇదే లెక్క, కాకపోతే తిరగేసి. ఎండకి నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. సముద్రపు నీళ్లలో ఉప్పు సుమారు 3.5 శాతం, అంటే 1000 కిలోలకి 35 కిలోలు. అది దాదాపు 25 శాతానికి చేరాక గానీ ఉప్పు పలుకులు కట్టదు. ఎక్స్ కిలోల నీళ్లు ఆవిరయ్యాయనుకో, మిగిలిన (1000 - ఎక్స్)లో పావు వంతు 35. అంటే మిగలాల్సింది 140, ఎండ లాగేయాల్సింది 860 కిలోలు! ఉప్పు రైతు అన్ని రోజులు ఎండ కోసం ఎందుకు చూస్తాడో ఈ ఒక్క సమీకరణంలో ఉంది.

రెండు రకాలు కలిపే లెక్కలో మారనిది మొత్తం ఖరీదు. పలాసలో జీడిపప్పు గుండ్లు కిలో 900, బద్దలు 700 అనుకుందాం, కలిపి 40 కిలోలు, కిలో 760 పడాలి. గుండ్లు ఎక్స్ అయితే బద్దలు 40 - ఎక్స్, ఇంకో అక్షరం అక్కర్లేదు. 900 ఎక్స్ + 700 (40 - ఎక్స్) = 30,400. ఎక్స్ = 12. జవాబు రాగానే వదిలేయకు, వెనక్కి వేసి చూడు: గుండ్లకి 10,800, బద్దలు 28 కిలోలకి 19,600, కలిపితే 30,400.