విడాకులు అంత తేలిక కాదమ్మా

అమ్మాయీ,

నువ్వు రాసిన మూడు నవలలూ నాలుగు రాత్రుల్లో చదివేశాను. రెండో దాంట్లో పదిహేడో అధ్యాయం దగ్గర మాత్రం కోపమొచ్చి ఫోన్ పక్కన పడేశాను. 1816లో లండన్‌లో ఒక ప్రభువుగారి భార్య పరాయి మగాడితో పట్టుబడింది, నెల తిరక్కుండా విడాకులు తీసుకుంది, కొడుకుని వెంటేసుకుని ప్రియుడితో వెళ్ళిపోయింది. ఎలా రాశావమ్మా ఇది?

ఆ రోజుల్లో ఇంగ్లండులో మళ్ళీ పెళ్ళాడే వీలున్న విడాకులు కావాలంటే ఆ ఒక్క జంట కోసం పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. 1857లో చట్టం మారేదాకా అదే పద్ధతి. పార్లమెంటుకి వెళ్ళేముందు చర్చి కోర్టులో ఒక కేసు, ప్రియుడి మీద నష్టపరిహారం కోసం భర్త వేసే దావా ఇంకొకటి. ఆ దావాలో భార్యకి సాక్ష్యం చెప్పే హక్కు కూడా లేదు. పనిమనుషులు బోనెక్కి పక్కబట్టలు ఎలా నలిగాయో చెబుతారు, అదంతా అచ్చయి బజార్లో అమ్ముడుపోతుంది. పిల్లలు తండ్రివాళ్ళే. నీ హీరోయిన్ ఆ రాత్రి గడప దాటిందంటే కొడుకుని వదులుకున్నట్టే, మరి గడప దగ్గర ఒక్క క్షణమైనా ఎందుకు ఆగలేదు?

కారొలీన్ నార్టన్ గురించి చదువు. నీలాగే కవితలూ నవలలూ రాసిన మనిషి. 1836లో ఆమె భర్త సాక్షాత్తూ ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్ మీద 10,000 పౌండ్లకి దావా వేశాడు. జ్యూరీ చోటు కదలకుండానే కొట్టిపారేసింది. అయినా భర్త ముగ్గురు కొడుకుల్నీ ఆమె కంట పడనివ్వలేదు. ఆమె కరపత్రాలు రాసి పోట్లాడితే 1839లో తల్లులకి పిల్లల మీద కొంత హక్కు దక్కింది, అదీ వ్యభిచారం రుజువు కానివాళ్ళకే. 1842లో చిన్నవాడు గుర్రం మీంచి పడ్డాడు. ఆమె చేరేసరికే పోయాడు. ఆమె రాసి సంపాదించిన డబ్బు కూడా చట్టప్రకారం భర్తదే.

ఎక్కడ పరువు పోయిందో అక్కడ డబ్బు, చట్టం ఏం చేశాయో చూపించాలి. నలభై ఏళ్ళుగా నేను చెబుతున్నది ఇదొక్కటే. నా మొదటి సీరియల్‌లో భర్త వదిలేసిన అమ్మాయి తన బంగారం కోసం అత్తవారింటి చుట్టూ తిరిగే అధ్యాయం ఒకటి రాశాను. లా పాయింట్లు ఎవరు చదువుతారమ్మా, కన్నీళ్ళు పెట్టండి అని ఎడిటర్‌గారు దాన్ని మొత్తం కత్తిరించేశారు. ఆ నెల పాపకి స్కూలు ఫీజు కట్టాలి, నోరు మూసుకున్నాను. సీరియల్ అయిపోయాక ఒకావిడ కార్డు రాసింది, "ఆ పిల్ల బంగారం ఏమైందండీ?" అని. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఇప్పుడు యాప్‌లవాళ్ళు కూడా ప్రతి ఎపిసోడ్ చివరా ట్విస్ట్ అడుగుతున్నారట, అప్పటి ఎడిటర్లే మళ్ళీ పుట్టారనిపిస్తుంది.

మొదటి పుస్తకంలో స్కాట్లండ్ సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్‌కి పెళ్ళి కోసం పారిపోవడం సరిగ్గానే పట్టుకున్నావు. ఇరవై ఒక్కేళ్ళు నిండనివాళ్ళకి తండ్రి ఒప్పుకోవాలన్న 1753 చట్టం స్కాట్లండ్‌లో చెల్లదు కదా. కానీ 300 మైళ్ళకి పైగా దూరం, ఒక్క రాత్రిలో చేర్చేశావు. దారి పొడుగునా గుర్రాలు మార్చాలి, ప్రతిచోటా డబ్బివ్వాలి. ఆ డబ్బు ఎవరిది? ఆ పిల్ల మెడలో గొలుసు అమ్మారా?

మూడో పుస్తకం గురించి తర్వాత రాస్తాను. రెండోదాంట్లో ఆ పనమ్మాయి కొవ్వొత్తి ముక్క వెలుగులో అమ్మగారి చినిగిన గ్లౌజు కుట్టి, దారం పళ్ళతో కొరికి, ఎవరూ చూడకుండా సొరుగులో దాచే పేజీ ఉందే, అది రెండుసార్లు చదువుకున్నాను. మళ్ళీ ఆ పిల్ల కనిపించదేం? ఆమెని కోర్టుకి పిలిపించు. ఆ గ్లౌజు ఎలా చినిగిందని లాయరు అడుగుతాడు. దావా వేసింది తనకి జీతమిచ్చే అయ్యగారే. ఆ పిల్ల ఏం చెబుతుందో రాసి నాకు పంపు.