పదింటి మాత్ర, పదకొండున్నర గడియారం

ఇంగ్లండులో నర్సుగా చేసే కర్నూలు పాప ఒకామె అడిగింది: "అక్కా, మాత్ర ఆలస్యంగా ఇచ్చినా. మేనేజరు ఎంక్వైరీ అంటోంది. పిన్ (నర్సు రిజిస్ట్రేషన్ నంబరు) పోతుందా?"

ఒక్క ఆలస్యానికి పిన్ పోయినోళ్లను ఇంగ్లండులో నేనింతవరకు చూడలేదు. టైము మార్చి రాసినావా, లేదా? నాకు అదే భయం.

కడపలో మేం డ్యూటీ దిగేముందు కేసు షీట్లన్నీ ముందేసుకొని ఒకే ఊపులో నింపేవాళ్లం. ఆ అలవాటుతోనే ఇక్కడికొచ్చినా. ఒక రాత్రి పదింటికి ఇయ్యాల్సిన యాంటీబయాటిక్ పదకొండున్నరకు ఇచ్చి, చార్టులో పది అని పెట్టినా. ఆ పేషెంటు రిటైరైన రైల్వే ఆయన, ఏ మందు ఎన్నింటికిచ్చినారో చిన్న పుస్తకంలో రాసుకుంటాడని నాకేం తెలుసు! మేనేజరు పిలిచి అడిగితే "పదింటికే" అన్నా. అక్కడ మునిగినా. పని ఒత్తిడిలో ఆలస్యమైందంటే వింటారు, రికార్డు దిద్దితే మాత్రం నిజాయితీ లేదని పట్టుకుంటారు.

నిబంధనలు ఎన్.ఎం.సి. (ఇక్కడ నర్సులను రిజిస్టరు చేసే కౌన్సిల్) కోడ్‌లో ఉన్నాయి, చదువుకో. శిక్షలు హెచ్చరికతో మొదలై షరతులు, ఏడాది దాకా సస్పెన్షన్, ఆఖరికి రిజిస్టరులో పేరు కొట్టేయడం వరకు ఉంటాయి. కొట్టేస్తే ఐదేళ్ల దాకా మళ్లీ దరఖాస్తు పెట్టడానికి లేదు. అంత దూరం పోయే కేసులు తక్కువే.

నన్ను పిండేసింది డబ్బు. నెలనెలా నర్సుల యూనియన్ చందా ఎందుకు దండగ అని ఇంటికి పంపేదాన్ని. ఎన్.ఎం.సి.కి ఏడాదికి 120 పౌండ్లు కడుతున్నా కదా, ఏదన్నా అయితే వాళ్లే చూసుకుంటారులే అనుకున్నా. వాళ్లుండేది పేషెంట్ల కోసం తల్లీ! ఎంక్వైరీ ఉత్తరం వచ్చినాక యూనియన్‌కు పరిగెత్తితే, చేరకముందు జరిగినదానికి మేం రామన్నారు. లాయరు ఫీజుకు మా అమ్మ ప్రొద్దుటూరులో చేయించిన గాజులు కుదువ పెట్టింది. రెండో మీటింగులో నిజం ఒప్పుకున్నా. రాతపూర్వక హెచ్చరికతో వదిలినారు, ఎన్.ఎం.సి. దాకా పోలేదు. గాజులు ఇంటికి రావడానికి రెండేళ్లు పట్టింది.

మీ బ్యాచ్ పిల్లలు వీసా, జీతం, ఐఫోన్ అన్నీ లెక్కేసుకొని వస్తారు, ఈ చందా ఒక్కటే మర్చిపోతారు. ఉద్యోగం పోతే వీసా స్పాన్సర్‌షిప్పూ దానితోనే పోతుందని మాత్రం ఏడుస్తారు.

ఈ రాత్రే కూర్చొని స్టేట్‌మెంటు రాసి పంపొద్దు. జరిగింది జరిగినట్టు, గంటతో సహా, నీ కోసం ఒక కాగితం మీద పెట్టుకో. మీటింగుకు నీ పక్కన ప్రతినిధి ఉండొచ్చా అని అడుగు. అంతకంటే ముందు నువ్వు యూనియన్‌లో ఎప్పుడు చేరినావో, ఆ మాత్ర ఏ తేదీన ఇచ్చినావో నాకు చెప్పు. నువ్వు అడిగినదాంట్లో ఆ రెండూ లేవు.