నూనెల ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

కర్నూలు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. వంటనూనెల్లో ఫ్యాటీ యాసిడ్లను ఎఫ్‌టీఐఆర్‌తో చూసే ప్రాజెక్టు ఇచ్చారు. మిగతావాళ్లంతా మందుల వైపు తీసుకున్నారు. వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది."

వెనకబడదండీ, కాకపోతే ఎఫ్‌టీఐఆర్ (నూనె ఏ పరారుణ కాంతిని పీల్చుకుంటుందో చూసే పరీక్ష) ఒక్కదాని దగ్గరే ఆగిపోకూడదు. ఆ మిషన్ మీద నూనె చుక్క వేస్తే నిమిషం రెండు నిమిషాల్లో గ్రాఫ్ వచ్చేస్తుంది గానీ, అందులో ఒలీక్ ఇంత, లినోలిక్ ఇంత అని ఒక్కో ఫ్యాటీ యాసిడ్ లెక్క రాసుండదు. వేరుశనగ నూనెదైనా పొద్దుతిరుగుడుదైనా పైపైన చూస్తే ఒకేలా ఉంటుంది. గ్రాఫ్‌లో 3008 అంకె దగ్గరుండే చిన్న పీక్ (శిఖరం) కాస్త పెరగడంలో, కాస్త జరగడంలో ఉంటుంది కిటుకంతా. దాన్ని శాతాల్లోకి తేవాలంటే అవే శాంపిళ్లను తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చి, ఒక్కోదాన్నీ విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీలో (అందరూ జీసీ అంటారు) అసలు అంకెలు తీసుకుని, పీఎల్ఎస్ లాంటి గణాంక పద్ధతితో రెండింటినీ ముడిపెట్టాలి. ఈ కాలిబ్రేషన్ సొంతంగా చేశానని చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయిపోయినట్టే.

ఈ పని ఎక్కడ అక్కరకొస్తుందంటే, పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సంగతే చూడండి. మామూలు వేరుశనగలో ఒలీక్ 45-50 శాతం ఉంటే, 2020లో వచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో 80 దాకా ఉంటుంది. అలాంటి రకాల కోసం వేల శాంపిళ్లు చూడాలి, అన్నింటినీ నలిపి జీసీలో పెడితే ఇక విత్తడానికి ఏముంటుంది? అందుకే ఎఫ్‌టీఐఆర్ లాగే పరారుణ కాంతితో పనిచేసే ఎన్‌ఐఆర్‌తో, గింజ పగలకుండానే చూస్తారు.

ఉద్యోగాలంటారా, కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీల క్వాలిటీ ల్యాబులు, ఆహార పరీక్షల ల్యాబులు ఉన్నాయి. 2022 నుంచి నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఈ పరీక్షల అవసరం పోయేది కాదు. మొదట్లో జీతం తక్కువే, అది దాచను. పరిశోధన వైపైతే హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో నూనెలు, కొవ్వుల మీద పనిచేసే విభాగం ఉంది. జీసీ వస్తే ఫార్మా దారీ మూసుకుపోదు, అక్కడ మందుల్లో మిగిలిన సాల్వెంట్లను చూసేది దానితోనే.

ప్రాజెక్టులో వేరుశనగ నూనెలో పామాయిల్‌ 5, 10, 20 శాతం కలిపి, ఎంత కలిసిందో కనిపెట్టమనండి. ప్యాకెట్ నూనెను నమ్మి మొదలుపెట్టొద్దు, అందులోనే కల్తీ ఉంటే లెక్కంతా తప్పుతుంది. కాయలు కొని, గానుగ దగ్గర నిలబడి, కళ్లముందే ఆడించి తేవాలి. ఆ పని మీరే చేసిపెట్టండి, మీ వైపు వేరుశనగకేం కొదవ!