పీపీసీతో శ్లాబు వేయొచ్చా? – సమాధానం

అన్నా, తిరుపతిలో మీ ఇంటి శ్లాబుకు పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంట్) వద్దని, అది బూడిద సిమెంటని మేస్త్రి అన్నాడని టెన్షన్ పడకండి, ధైర్యంగా వేయించండి. అందులో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ ఉంటుంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలాక మిగిలేది అలాంటి బూడిదే. సున్నపురాయిని దాదాపు 1,450 డిగ్రీల దాకా కాల్చి తీసే క్లింకర్ (సిమెంటులో అసలు సరుకు) ఆ మేరకు తగ్గుతుంది, దాన్ని కాల్చేటప్పుడు గాల్లోకి వెళ్లే కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది.

బలం మొదట్లో నెమ్మదిగా వస్తుంది, తర్వాత పుంజుకుంటుంది. అందుకే కిటుకంతా క్యూరింగ్‌లోనే, అంటే శ్లాబును తడిగా ఉంచడంలోనే ఉంది. శ్లాబు మీద చిన్న చిన్న మళ్లు కట్టి నీళ్లు నిలపండి. మన ఎండలకు 14 రోజులు తప్పదు. మా మిద్దెకు అలాగే చేశాం, ఇప్పటిదాకా ఎక్కడా చెమ్మ దిగలేదు. సెంట్రింగ్ (శ్లాబు కింద ఆసరాగా పెట్టే పలకలు, గుంజలు) మాత్రం ఇంజనీరును అడగకుండా విప్పనివ్వొద్దు.