లక్సెంబర్గ్‌కి ఒక్క పూట చాలా? చాలదు గాక చాలదు

మీ ప్రశ్న: "ప్యారిస్ నుంచి బ్రస్సెల్స్ వెళ్తూ దారిలో లక్సెంబర్గ్‌లో ఓ పూట ఆగుదామనుకుంటున్నాం. చిన్న దేశం కదా, సరిపోతుందా? లేకపోతే అసలు ఆగడమే దండగా?"

దండగ కాదు. పూట సరిపోదు. ఇంతటితో ఆపేయొచ్చు గానీ, ప్రశ్న చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. మా అబ్బాయీ కోడలూ అక్కడే ఉద్యోగాలు చేస్తున్నారు. రిటైరయ్యాక మావారూ నేనూ ఒక వేసవంతా వాళ్ళ దగ్గర గడిపాం. పైగా నేను హైస్కూల్లో ఏళ్ళ తరబడి సోషల్ చెప్పినదాన్ని. మ్యాపు చూడకుండా ప్రయాణం ప్లాన్ చేసేవాళ్ళు కనిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి బెత్తం కోసం వెతుకుతుంది. ప్యారిస్ నుంచి బ్రస్సెల్స్ వెళ్ళే దారిలో లక్సెంబర్గ్ రాదండీ. బాగా తూర్పున ఉంటుంది. ప్యారిస్ నుంచి హైస్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు పడుతుంది. బ్రస్సెల్స్ అంతకంటే దగ్గర, కానీ ఆ రైలు మూడు గంటలు దాటిస్తుంది. యూరప్ అంటే అన్నీ రయ్యిమని పోయే రైళ్ళే అనుకునేవాళ్ళు ఆ బండి ఎక్కి చూడాలి.

ఇక "చిన్న దేశం కదా" అన్న మాట దగ్గరే నాకు అసలు పేచీ. చిన్నదే, కాదనను. 2,586 చదరపు కిలోమీటర్లు. పొడవు 82 కిలోమీటర్లు, వెడల్పు 57. జనాభా ఏడు లక్షల లోపే, అందులో సగానికి కాస్త తక్కువగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే. అయితే ఏంటట? చూడ్డానికి పట్టే టైమును చదరపు కిలోమీటర్లతో లెక్కేస్తారా ఎవరైనా? ఈ మధ్య మనవాళ్ళకి యూరప్ వెళ్ళొస్తే "ఎన్ని దేశాలు కవర్ చేశారు?" అని అడగడం అలవాటైంది. వారంలో ఎనిమిది దేశాలట! ఉన్న టైమంతా బస్సులో కునుకు తీయడానికీ, టాయిలెట్ కోసం యూరో నాణెం వెతుక్కోవడానికీ సరిపోతుంది.

ఆ బస్సులు లక్సెంబర్గ్ నగరంలో ఏం చూపిస్తాయో నా కళ్ళతో చూశాను. రాజ్యాంగ చౌక్ దగ్గర దింపుతారు. అక్కడ ఎత్తైన స్తంభం మీద బంగారు పూత పూసిన స్త్రీ విగ్రహం ఉంటుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా 1923లో పెట్టారు. 1940లో నాజీలు దాన్ని కూల్చేశారు, 1985కి గానీ మళ్ళీ పూర్తిగా నిలబడలేదు. ఇదంతా ఎవరికి కావాలి? దాని ముందు ఒక ఫొటో, ఆ దేశపు రాజు గ్రాండ్ డ్యూక్ ప్యాలెస్ ముందు ఒక ఫొటో, పక్కనే చాక్లెట్ కొట్టు, తర్వాత బస్సు. దేశం అయిపోయింది!

ఆ ఊరు ఉన్నదే రెండు అంతస్తులుగా. పైన పీఠభూమి మీద ప్యాలెస్సులు, బ్యాంకులు, ఖరీదైన కొట్లు. కింద లోయలో ఆల్జెట్ అనే చిన్న నది, దాని ఒడ్డున గ్రుండ్ అనే పాత పేట. గోల్కొండ చూసినవాళ్ళకి కోట అంటే పైకి ఎక్కడం. ఇక్కడ కిందికి దిగాలి. కోర్టుల సముదాయం పక్కన ఒక లిఫ్టు ఉంది. ఏదో ఆఫీసు లిఫ్టు అనుకుని దాటిపోతారు చాలామంది. అది కొండరాయి లోపల నుంచి నేరుగా గ్రుండ్‌లోకి దింపేస్తుంది. పైసా తీసుకోరు. కింద సొరంగం దాటి బయటికి రాగానే వంతెన, నల్లరాతి పెంకుల ఇళ్ళు, ఒకప్పుడు జైలుగా వాడిన మఠం. అక్కణ్ణుంచి నది వెంబడి నడుచుకుంటూ ఫాఫెంటాల్ అనే పేట దాకా వెళ్తే, 71 మీటర్ల ఎత్తున్న అద్దాల లిఫ్టు మళ్ళీ పై ఊరికి చేర్చేస్తుంది. అదీ ఉచితమే. మోకాళ్ళ నొప్పులున్న నాలాంటిదాన్ని కూడా ఆ ఊరు చుట్టూ తిప్పగలిగింది ఈ రెండు లిఫ్టులే.

మెట్లు తప్పనిది మాత్రం బోక్ గుట్ట కింద ఉన్న సొరంగాల దగ్గర. 963లో జీగ్‌ఫ్రీడ్ అనే కౌంట్ ఆ గుట్టని ఒక మఠం నుంచి మారకంలో తీసుకుని కోట కట్టుకున్నాడు. దేశానికి మొదలు అదే. ఆ తర్వాత స్పెయిన్‌వాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఆస్ట్రియావాళ్ళు, ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యంవాళ్ళు, వచ్చినవాడల్లా "ఈ కోట నాది" అని పట్టుకుని మరికొంత కట్టాడు, మరికొంత తవ్వాడు. 1684లో ముట్టడించి గెలిచిన ఫ్రెంచి ఇంజనీరు వోబన్ అయితే, తాను పడగొట్టినదాన్నే ఇంకా గట్టిగా కట్టించాడు. రాతి లోపల మొత్తం 23 కిలోమీటర్ల సొరంగాలు అయ్యాయట. ఇప్పటికీ 17 కిలోమీటర్ల దాకా మిగిలే ఉన్నాయి. ఫిరంగి పెట్టే కన్నంలోంచి తొంగిచూస్తే కింద పెరటి తోటల్లో వరసగా నాటిన క్యాబేజీలు కనిపించాయి నాకు. గైడు యుద్ధాల గురించి చెప్తుంటే నా చూపు ఆ క్యాబేజీల మీదే.

దీని మీద నాకు సొంత థియరీ ఒకటి ఉంది. ఈ దేశం మీద అందరి కన్నూ పడింది ఆ కోట వల్లే. 1867లో దీని కోసం ఫ్రాన్సూ ప్రష్యా దాదాపు కొట్టుకునే దాకా వచ్చి, లండన్‌లో కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి: దేశం తటస్థం, కోట కూల్చెయ్యాలి. కూల్చడానికే పదహారేళ్ళు పట్టింది. గోడలు పోయాకే ఈ దేశం బాగుపడింది. గోడ పోతే మంచిదేనని ఒంటబట్టిన జనం కాబట్టే, వందేళ్ళు దాటాక సరిహద్దుల్లో తనిఖీలు తీసేసే ఒప్పందం కూడా వాళ్ళ గడ్డ మీదే జరిగింది. "అమ్మా, 1914లో, 1940లో జర్మన్లు వచ్చి కూర్చున్నారు కదా, తటస్థం ఏమైంది?" అన్నాడు మా అబ్బాయి. కోట ఉన్నా వచ్చేవాళ్ళే, పోరా అన్నాను. చరిత్రకారులు ఒప్పుకోకపోయినా నా థియరీ నాదే.

ఆ ఒప్పందం జరిగిన ఊరి పేరు షెంగెన్. ఒక్కదానితో యూరప్‌లో చాలా దేశాలు తిరగనిచ్చే వీసా పేరుగా మనందరికీ తెలుసు. అది లక్సెంబర్గ్ ఆగ్నేయ కొసన, మొజెల్ నది ఒడ్డున ఉన్న పల్లెటూరని ఎంతమందికి తెలుసు? మాకు ఆ వీసా రావడానికి పడ్డ టెన్షన్ మామూలుది కాదు. విజయవాడలో మేం పట్టుకున్న ఏజెంటు "లక్సెంబర్గా? ఫ్రాన్స్‌కి వేసేద్దాం మేడమ్, త్వరగా అయిపోతుంది" అన్నాడు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, ఆ మాత్రం తెలియకుండా ఫీజు ఎలా తీసుకుంటావయ్యా అని తగులుకున్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పింఛను కాగితాలు, 30,000 యూరోల ఇన్సూరెన్సు, మా అబ్బాయి స్టాంపులు వేయించి పంపిన స్పాన్సర్‌షిప్ పత్రం... ఆ ఫైలు పట్టుకుని తిరిగిన రోజుల్లో మావారికి బీపీ మాత్ర డోసు పెరిగింది. అంచేత ఆ ఊరు చూడకుండా వెనక్కి వచ్చేది లేదని నేను ముందే చెప్పేశాను.

ఒక మంగళవారం పొద్దున పులిహోర డబ్బాలో కట్టుకుని ఇద్దరమే బయల్దేరాం. ఆఫీసుకి వెళ్తూ కోడలు మరీ మరీ చెప్పింది: "అత్తయ్యా, బస్సులో టికెట్ ఉండదు. డ్రైవర్‌ని ఏమీ అడక్కండి. ఎక్కి కూర్చోండి, అంతే." 2020 ఫిబ్రవరి 29 నుంచి ఆ దేశమంతా బస్సు, ట్రాము, రైలు ఉచితం. అక్కడివాళ్ళకే కాదు, మనలాంటి చుట్టపుచూపు వాళ్ళకి కూడా. రైల్లో ఫస్ట్ క్లాసుకి మాత్రమే డబ్బులు.

మావారు వింటేగా! బస్సెక్కి గుప్పిట్లో నాణేలు పట్టుకుని డ్రైవర్ ముందు నిలబడ్డారు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఈయన మళ్ళీ చాపారు. వెనక స్కూలు పిల్లలు ఎక్కలేక ఆగిపోయారు. చివరికి డ్రైవర్ ఈయన వేళ్ళని తన చేత్తోనే మడిచి, గుప్పిట మూసేసి, సీటు వైపు చూపించాడు. కూర్చున్నాక కూడా "చెకింగ్ వస్తే నువ్వే మాట్లాడు" అని గొణుగుతూనే ఉన్నారు. టికెట్ లేకుండా బస్సెక్కడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఒకచోట బస్సు మారాం. మొజెల్ ఒడ్డుకి చేరగానే ఇవతల కొండ వాలంతా ద్రాక్షతోటలు, అవతల జర్మనీ. ఆ నదిలో సరిహద్దు గీత లేదు. అక్కడ నీళ్ళు రెండు దేశాలకీ ఉమ్మడి. మన కృష్ణా జలాల పంచాయితీలు గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. షెంగెన్‌లో దిగి చూస్తే నాలుగు వీధులు, నది ఒడ్డున చిన్న మ్యూజియం, మూడు స్టీలు పలకల స్మారకం. రోడ్డు పక్కన వరసగా పెట్రోలు బంకులు, వాటి ముందు జర్మన్ నంబర్ల కార్లు. పెట్రోలు ఇటువైపు చౌకని వచ్చి కొట్టించుకుపోతారు. 1985 జూన్ 14న ఐదు దేశాల ప్రతినిధులు ఇక్కడే, నదిలో ఒక ఓడ మీద సంతకాలు పెట్టారు. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఒక జట్టు. ఆ జట్టూ, జర్మనీ, ఫ్రాన్సూ కలిసే చోటని ఈ ఊరిని ఎంచుకున్నారు. అమలు కావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది లెండి.

మావారు ఊరి పేరున్న బోర్డు దగ్గర ఆగి, బనీను లోపల మెడకి వేలాడదీసుకున్న గుడ్డసంచి బయటికి లాగారు. పాస్‌పోర్టు తెరిచి, వీసా స్టిక్కరు మీది షెంగెన్ అన్న పేరునీ బోర్డునీ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూశారు. "కరెక్టేనే!" అన్నారు, ఏదో రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు సరిచూసినట్టు. ఆ భంగిమలోనే ఫొటో తీశాను.

తర్వాత వంతెన. సగం దాకా నడిచి ఆగిపోయారు.

"అవతల జర్మనీయేనా?"

"అవును."

"ఎవరూ లేరేంటే?"

"ఎవరుండాలి?"

"పాస్‌పోర్టు చూసేవాళ్ళు."

చేతిలో రెండు పాస్‌పోర్టులూ తెరిచి పట్టుకునే అవతలికి నడిచారు. బేబీ బండి తోసుకుంటూ ఒకావిడ ఎదురొచ్చింది, అంతే. ఎవరూ అడగలేదు. ఆయన ముఖంలో కాస్త నిరాశ కూడా కనిపించింది నాకు. అంత కష్టపడి తెచ్చుకున్న వీసా ఒక్కరికైనా చూపించాలని ఉండదా మరి! అక్కడ పెర్ల్ అనే ఊరు దాటి దక్షిణానికి నడిస్తే అపాష్ వస్తుంది, అది ఫ్రాన్సు. ఆయాసపడుతూ, ఆగుతూ చేరాం. లక్సెంబర్గ్‌లో కలిపిన పులిహోర జర్మనీ మీదుగా మోసుకెళ్ళి ఫ్రాన్సులో బెంచీ మీద తిన్నాం. వారంలో ఎనిమిది దేశాలు చూసినవాళ్ళని ఇలాంటి పని ఒక్కటి చేసి చూపించమనండి.

మీరు వెళ్తే పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోండి. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిట్లో మళ్ళీ తనిఖీలు మొదలుపెట్టింది. ఈ వార్త చూసి మావారు "చెప్పానా!" అని ఫోన్లో మా అబ్బాయిని అరగంట వదల్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వియాండెన్ కోట తప్పక చూడండి. 1820లో, అప్పట్లో ఈ దేశాన్నీ ఏలుతున్న డచ్చి రాజు దాన్ని ఒక వ్యాపారికి అమ్మేస్తే, అతగాడు కప్పు పెంకుల దగ్గర్నుంచి ఊడదీసి అమ్ముకున్నాడు. 1977 తర్వాతే ప్రభుత్వం తీసుకుని మళ్ళీ నిలబెట్టింది. అక్కడికీ బస్సు ఉచితమే. తిండి దగ్గర శాకాహారులకి ఇబ్బందే. బీన్సు సూపు అని రాసి ఉన్నదాంట్లో కూడా పంది మాంసం ముక్కలేస్తారు, అడిగి తీసుకోండి. తిరునాళ్ళలో బంగాళాదుంప తురుముతో నూనెలో వేయించి ఇచ్చే బిళ్ళలు బాగుంటాయి, అందులోనూ గుడ్డు కలుపుతారు, పట్టింపు ఉంటే చూసుకోండి. కాఫీ ధరని మాత్రం రూపాయల్లోకి మార్చుకోవద్దు. మావారు మార్చారు, ఆ రోజంతా మాట్లాడలేదు.

కాబట్టి మీ బ్రస్సెల్స్ రోజుల్లో కొన్ని కోసేసి ఇక్కడ కనీసం రెండు రాత్రులు ఉండండి. ఒక రోజు ఊరికి, అదీ కింది అంతస్తుతో మొదలుపెట్టి. ఇంకో రోజు షెంగెన్‌కో, వియాండెన్‌కో. హోటళ్ళు వారం మధ్యలో బ్యాంకులవాళ్ళతో, యూరోపియన్ యూనియన్ ఆఫీసుల పని మీద వచ్చేవాళ్ళతో నిండి మండిపోతుంటాయి, శని ఆదివారాల్లో కాస్త దిగుతాయి. అయితే ఆదివారం కొట్లు చాలామటుకు మూసే ఉంటాయి. పెరుగు డబ్బా, బ్రెడ్డు శనివారం సాయంత్రమే కొని పెట్టుకోండి.